ఇంట్లో చేసిన డీవీడీకి తాళం: నా అనుభవం

అమలాపురం దగ్గర మా ఊళ్ళో నేను పెళ్ళిళ్ళకు, ఉత్సవాలకు వీడియో తీస్తుంటాను. ఒక సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థాన్ని, అంటే వెదురుతో కట్టి అలంకరించిన ప్రభలను భుజాలపై మోసుకొచ్చే ఉత్సవాన్ని, చిత్రీకరించి డీవీడీలుగా అమ్మితే, వారం తిరక్కుండానే వాటి నకళ్ళు సగం ధరకు సంతలో కనిపించాయి. కౌశిక ఏరు దాటుతున్న ప్రభ కోసం మోకాలిలోతు నీటిలో నిలబడి తీసిన దృశ్యం అది. మనసుకు చాలా కష్టమనిపించింది.

నకలును అడ్డుకుంటుందని చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చి, డిస్కులో కావాలనే చెడ్డ సెక్టార్లు, అంటే చదవడానికి వీలుకాని భాగాలు, పెట్టించాను. నకళ్ళు ఆగలేదు సరికదా, డిస్కు కొన్న ఒక పెద్దావిడ "బాబూ, ప్రభ ఏటి మధ్యకు వచ్చేసరికి బొమ్మ ఆగిపోతోంది" అంటూ దాన్ని తిరిగి తెచ్చారు.

తరువాత కారణం బోధపడింది. కంపెనీలు అచ్చువేసే సినిమా డీవీడీలకు సీఎస్ఎస్ అనే రక్షణ ఉంటుంది. దాని తాళంచెవుల సమాచారం డిస్కు లోపలి అంచున లీడ్-ఇన్ భాగంలో ఉంటుంది. మనం బజారులో కొనే సాధారణ డీవీడీ-ఆర్‌ అనే ఖాళీ డిస్కులో ఆ చోటును ముందే వాడేసి ఉంచుతారు కనుక, ఇంట్లోని డీవీడీ రైటర్ అక్కడ ఆ తాళంచెవులను రాయజాలదు. ఆ సీఎస్ఎస్‌ను కూడా 1999లోనే ఛేదించారు. పైగా, మామూలు ప్లేయరు చదవగలిగిన డిస్కును కంప్యూటరూ చదవగలదు.

అందువల్ల తాళం ఆలోచన మానేసి, కొన్నవారి ఇంటిపేరును, డిస్కు సంఖ్యను దృశ్యం మూలన లేతగా కనిపించేలా చేర్చాను. ఒక్కొక్కరి కోసం వీడియోను మళ్ళీ ఎన్‌కోడ్ చేయాలి, అంటే డీవీడీకి తగిన రూపంలోకి మార్చాలి, కాబట్టి కంప్యూటరు రాత్రంతా నడిచేది. మరుసటి ఏడు సంతలో నకలు దొరికినప్పుడు, మూలనున్న పేరు చూసి నేరుగా ఆ ఇంటికే వెళ్ళాను. డిస్కును దుకాణంవాళ్ళకు అరువిచ్చిన మాట నిజమేనని ఆ ఇంటాయన ఒప్పుకున్నారు.