మరణాల లెక్క చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: వైరస్ ఎప్పుడు అడుగుపెట్టింది?

గత పాఠంలో ఒక ఊళ్లో వారానికి మామూలుగా ఎంతమంది చనిపోతారో ఐదేళ్ల సగటు తీసి గీత గీశాం. ఆ గీత దాటి పైకి తేలినవి అదనపు మరణాలు. లండన్‌లో గణాంక నిపుణుడు విలియం ఫార్ 1847లో ఇన్‌ఫ్లుయెంజాకి ఇదే పని చేశాడని కూడా చెప్పుకున్నాం. ఇవాళ ఆ గీత పట్టుకుని వెనక్కి నడుద్దాం. జబ్బు ఎంతమందిని తీసుకుపోయిందన్నది కాదు ఇవాళ్టి ప్రశ్న, ఎప్పుడు వచ్చిందన్నది.

రెండోది చాలా కష్టం. 2021 మేలో ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన మరణాలు లక్షా 30 వేల దాకా వెళ్లాయి. అంతకుముందు ఏళ్లలో మే నెలకి 27 వేలు అటూ ఇటూ ఉండేవి. అంత పెద్ద గుట్ట ఎవరికైనా కనిపిస్తుంది. మొదలు అలా కనిపించదు. అది మామూలు చావుల్లో కలిసిపోయి ఉంటుంది.

లెక్క మొదలుపెట్టే ముందు చూడాల్సింది రిజిస్టర్. మరణాల రిజిస్టర్‌లో రెండు తేదీలు ఉంటాయి: మరణించిన తేదీ, నమోదు చేసిన తేదీ. మా తాతయ్య పోయింది మార్చిలో. కర్మకాండలయ్యాక ఎవరి ఊళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. పొలం పాస్‌బుక్ పేరు మార్చాల్సి వచ్చినప్పుడు గానీ ధ్రువపత్రం సంగతి గుర్తుకు రాలేదు. నాన్న జూన్‌లో పంచాయతీకి వెళ్లి, ఆలస్య రుసుము కట్టి, అఫిడవిట్ ఇచ్చి నమోదు చేయించారు. చట్టం ప్రకారం 21 రోజుల్లో చెప్పాలి, కానీ ఇలాంటి ఇళ్లు మన దగ్గర ఎన్ని లేవు? నమోదు తేదీతో గ్రాఫ్ గీస్తే తాతయ్య జూన్‌లో పోయినట్టు కనిపిస్తుంది. మొదలు వెతికే పనిలో మూడు నెలల తేడా అంటే లెక్క మొత్తం చెడిపోయినట్టే. కాబట్టి మరణించిన తేదీ ఉన్న పట్టికే తీసుకోండి. అది దొరక్కపోతే ఈ లెక్క చేయకండి.

ఇప్పుడు చిన్న లెక్క. కాగితం, పెన్ను చాలు.

వారానికి 40 మంది చనిపోయే పట్నం అనుకుందాం. ప్రతి వారం కచ్చితంగా 40 ఉండవు, ఒక వారం 34, ఒక వారం 47 కూడా రావచ్చు. ఈ సహజమైన ఊగిసలాట ఎంతో తెలియాలంటే 40కి వర్గమూలం తీయండి. సుమారు 6.3 వస్తుంది. దానికి రెట్టింపు 13. అంటే ఒక వారం 53 దాటితే గానీ ఏదో జరుగుతోందని అనుమానించడానికి వీల్లేదు. నిజానికి చలికాలంలో ఊగిసలాట ఇంకా ఎక్కువే, 53 కనీస హద్దు మాత్రమే.

అంటే ఆ వారం కొత్త వైరస్ 13 మందిని తీసుకుపోతే గానీ మన కంటికి ఆనదు. అది సోకిన వందలో ఒకరిని చంపుతుందనుకుంటే, 13 మరణాల వెనక 1,300 మందికి సోకి ఉండాలి. ఎప్పుడు? ఆ వారంలో కాదు. కోవిడ్ తొలినాళ్ల లెక్కల్లో సోకిన ఐదారు రోజులకి లక్షణాలు, లక్షణాల నుంచి మరణానికి సగటున 18 రోజులు పట్టింది. కాబట్టి ఆ 1,300 మందికీ సోకింది మూడు వారాల కిందట.

మూడు వారాల కిందటికే 1,300. మరి ఒక్కరి నుంచి 1,300కి ఎలా చేరింది? రెట్టింపు అవుతూ: 1, 2, 4, 8, 16... పదోసారికి 1,024. నాలుగు రోజులకోసారి రెట్టింపైతే పదిసార్లకి 40 రోజులు. దానికి మూడు వారాలు కలపండి. గ్రాఫ్‌లో మొదటి గుట్ట కనిపించిన రోజుకి సుమారు రెండు నెలల ముందే వైరస్ ఆ ఊళ్లోకి వచ్చేసిందన్నమాట.

మొదటిసారి ఈ లెక్క చేసినవాళ్లందరూ ఇక్కడ ఆగిపోతారు. నేనూ ఆగాను. ఆ రెండు నెలలూ పెళ్లిళ్లు జరిగాయి, బస్సులు తిరిగాయి, ఎవరికీ ఏమీ తెలియదు.

అయితే ఒక్క తేదీ చెప్పి ఊరుకోకండి. రెట్టింపుకి మూడు రోజులే పడితే 51 రోజులు, ఐదు రోజులు పడితే 71. మీ జవాబు ఎప్పుడూ ఇలా ఒక కిటికీలాగే ఉండాలి. పైగా మొదట వచ్చినవారి దగ్గరే జబ్బు ఆగిపోయి, తర్వాత ఇంకొకరి ద్వారా వచ్చి అంటుకొని ఉండొచ్చు. మరణాల లెక్కకి దొరికేది ఆగకుండా పెరగడం మొదలైన రోజే. దారి తప్పి వచ్చి ఆరిపోయిన నిప్పురవ్వలు దానికి దొరకవు.

గుట్ట కనిపించేదాకా ఆగకుండా ఇంకా ముందే పట్టుకునే దారి ఒకటుంది. నాకు ఈ విషయం మొత్తంలో బాగా ఇష్టమైన భాగం ఇదే. మొత్తం మరణాలు కాదు, చనిపోయినవారి వయసు చూడాలి.

1918 ఇన్‌ఫ్లుయెంజా మొదలు గురించి అడిగితే మామూలుగా చెప్పేది అమెరికాలో కాన్సాస్ సైనిక శిబిరం క్యాంప్ ఫన్‌స్టన్, మార్చి 4. పెద్ద ఉప్పెన ఆ ఏడాది శరదృతువులో వచ్చింది. 2005లో పరిశోధకులు డొనాల్డ్ ఓల్సన్, లోన్ సిమోన్సెన్‌ల బృందం న్యూయార్క్ నగరం పాత మరణాల పట్టికలను వయసువారీగా విడదీసి చూసింది. మామూలు ఫ్లూ ఏడాదిలో అదనపు మరణాల భారం ఎక్కువగా వృద్ధుల మీదే పడుతుంది. 1918 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య మాత్రం వృద్ధులు చాలావరకు తప్పించుకున్నారు, చిన్న వయసువాళ్లు ఎక్కువగా పోయారు. శరదృతువులో వచ్చిన మహమ్మారిది సరిగ్గా అదే పోలిక. అంటే పెద్ద ఉప్పెనకి కొన్ని నెలల ముందే ఆ వైరస్ న్యూయార్క్ వీధుల్లో తిరుగుతోందన్నమాట. అప్పటికి వైరస్‌ని చూపించే పరీక్ష లేదు. వయసు గడిలో రాసిన అంకెలు మాత్రం అలాగే ఉన్నాయి, ఎనభై ఏడేళ్ల తర్వాత ఎవరో వచ్చి చదివేదాకా.

మీరు చేసేటప్పుడు ప్రతి నెలా 65 ఏళ్లలోపు మరణాలని మొత్తం మరణాలతో భాగించండి, అంతే. మొత్తం పెరగకపోయినా ఈ నిష్పత్తి రెండు మూడు నెలలు వరసగా కదిలితే ఆ నెలల దగ్గర ఆగి చూడండి. కోవిడ్‌లో మొగ్గు వృద్ధుల వైపే కాబట్టి ఈ గుర్తు అంత స్పష్టంగా ఉండదు. ఏ జబ్బుకి ఏ వయసు పోలిక ఉందో ముందు తెలుసుకోవాలి.

ఇదే లెక్కని తిప్పి కూడా వాడొచ్చు. "మా ఇంట్లో అందరికీ 2019 నవంబర్‌లోనే కరోనా వచ్చింది, ఆ దగ్గు అదే" అని చెప్పినవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, జ్వరం నిజమే. కానీ లెక్క చూడండి. నవంబర్ 15న ఒక్కరితో మొదలై నాలుగు రోజులకోసారి రెట్టింపైతే, ఫిబ్రవరి 15కి 92 రోజులు, 23 రెట్టింపులు. అంటే 84 లక్షల మంది. మన దేశంలో యువత ఎక్కువ కాబట్టి వెయ్యికి ఇద్దరే చనిపోయారనుకున్నా మార్చి మొదటి వారానికి 17 వేల మరణాలు. ఎక్కడో ఒకచోట శ్మశానాల్లో తెలిసిపోయేది. అలా తెలియలేదు. మన దేశంలో తొలి కేసు నిర్ధారణ అయింది 2020 జనవరి 30న, కేరళలో. దానికి కొంచెం ముందు వచ్చి ఉండొచ్చేమో గానీ, నవంబర్ నుంచి ఊళ్లలో ఆగకుండా వ్యాపించిందన్న మాట మాత్రం నిలబడదు.

అభ్యాసం: వారానికి 100 మంది చనిపోయే నగరం. వైరస్ సోకిన 200 మందిలో ఒకరిని చంపుతుంది, ఐదు రోజులకోసారి రెట్టింపవుతుంది, సోకిన మూడు వారాలకి మరణం. గ్రాఫ్‌లో మొదటి అనుమానం వచ్చే వారానికి ఎన్ని రోజుల ముందు మొదలై ఉంటుంది? చేశాక, నగరం పదింతలు పెద్దదైతే జవాబు ఎటు జరుగుతుందో కూడా చూడండి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.