రక్తం దారి – 4వ పాఠం: ధమని అన్నది దిశకు పేరు

కాలి బొటనవేలి దగ్గర బయలుదేరిన రక్తపు చుక్క కుడి చెవికి చేరే దారి గీయమని గత పాఠం చివర అడిగాను. మీరు పంపిన పటాలన్నీ రెండేసి సార్లు చూశాను. సగానికి పైగా పటాల్లో చుక్క గుండె కింది గదుల్లో ఒకటైన కుడి జఠరిక నుంచి నేరుగా పక్కనున్న ఎడమ జఠరికలోకి వెళ్లిపోయింది. ఊపిరితిత్తులను అందరూ గీశారు, కానీ వాటికి ఒక్క బాణమూ తగలలేదు. అందుకే ఈసారి చెబుతానన్న గుండె చప్పుళ్ల పాఠాన్ని వాయిదా వేస్తున్నాను. దారి తెలియకుండా చప్పుడు విని లాభం లేదు.

ఈ పొరపాటు చాలా పాతది. రెండో శతాబ్దపు వైద్యుడు గేలన్, గుండె నడిమి గోడలో కంటికి కనబడని రంధ్రాలున్నాయనీ వాటి గుండా రక్తం కుడి నుంచి ఎడమకు చేరుతుందనీ రాశాడు. ఆ గోడలో దారే లేదని, రక్తం ఊపిరితిత్తుల మీదుగానే రావాలని పదమూడో శతాబ్దంలో ఇబ్న్ అల్ నఫీస్ రాశాడు. రక్తం మొత్తం శరీరాన్ని చుట్టి తిరిగి గుండెకే వస్తుందని విలియం హార్వే 1628లో లెక్కకట్టి చూపాడు. ఆ లెక్కను నేటి అంకెలతో మీరూ చేయండి. గుండె ఒక్కసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్లు బయటికి వస్తాయి. నిమిషానికి 72 సార్లు కొట్టుకుంటే అది 5 లీటర్లు. పెద్దవారి ఒంట్లో ఉన్న రక్తం కూడా దాదాపు అంతే. నిమిషానికి 5 లీటర్ల కొత్త రక్తం తయారు కావడం అసాధ్యం, కాబట్టి వెళ్లిందే తిరిగి రావాలి.

ఈ లెక్కలో మీరు గమనించని సంగతి ఒకటుంది. ఎడమ జఠరిక ఒంటికంతటికీ ఆ 5 లీటర్లు పంపే నిమిషంలోనే, కుడి జఠరిక అంత రక్తాన్నీ ఒక్క ఊపిరితిత్తులకే పంపుతుంది. ఊపిరితిత్తులు దారి పక్కన ఆగే మజిలీ కావు, ప్రయాణంలో సగం. వాటిని వదిలేసిన పటంలో సగం రక్తప్రసరణ లేనట్టే.

నమ్మకం కుదరకపోతే మాంసం దుకాణంలో మేక గుండెకాయ అడగండి. ముక్కలు కొట్టవద్దని, పైనున్న గొట్టాలు కోసేయవద్దని ముందే చెప్పండి. ఇంటికి తెచ్చి కడిగి, రెండు వైపులా నొక్కి చూడండి. ఒక వైపు వేలు మెత్తగా దిగుతుంది. రెండో వైపు గట్టిగా ఎదురు నిలుస్తుంది. గట్టిగా ఉన్నది ఎడమ జఠరిక. మనలో అది పాదరస మట్టంలో సుమారు 120 మిల్లీమీటర్ల పీడనంతో రక్తాన్ని నెట్టాలి, కుడి జఠరికకు 25 చాలు. ఇప్పుడు కొస దగ్గర కాకుండా, జఠరికల నడిమి భాగంలో అడ్డంగా కోయండి. రెండు గదులు కనిపిస్తాయి. ఒకదానిలో చూపుడువేలు, మరోదానిలో బొటనవేలు పెట్టి మధ్య గోడను పట్టుకోండి. మీ రెండు వేళ్ల మధ్య ఉన్నది నిండు కండ. మీ పటాల్లో బాణం వెళ్లింది దాని గుండానే.

కుడి ఎడమల గురించి ఒక్క మాట. అవి గుండె ఉన్న మనిషి కుడి ఎడమలు, చూసే మనవి కావు. కాగితం మీద కుడి జఠరిక మన ఎడమ చేతి వైపు వస్తుంది.

దారి గుర్తుపెట్టుకోవడానికి నేను వాడే అక్షరాలు కజధసి: కర్ణిక (గుండె పై గది), జఠరిక, ధమని, సిర. కుడి వైపు ఒకసారి చదివితే ఊపిరితిత్తుల చుట్టు పూర్తవుతుంది, ఎడమ వైపు ఒకసారి చదివితే ఒంటి చుట్టు పూర్తవుతుంది. ధమనికీ సిరకూ మధ్య వెంట్రుకకన్నా సన్నని గొట్టాలు, అంటే రక్తకేశనాళికలు, ఉంటాయని వేరే చెప్పనక్కరలేదు. గుండె బొమ్మ అందంగా గీయకండి. నాలుగు గళ్లు చాలు.

రంగు పెన్సిళ్లు కూడా పక్కన పెట్టండి. నన్ను ఎక్కువగా బాధపెట్టే పొరపాటు వాటితోనే వస్తుంది. ధమనులన్నిటికీ ఎరుపు, సిరలన్నిటికీ నీలం వేసి, పక్కన ‘మంచి రక్తం’, ‘చెడు రక్తం’ అని రాస్తున్నారు. ఇది బళ్లో నేర్పిన మాటే కావచ్చు, అయినా మానేయండి. గుండె నుంచి బయటికి వెళ్లేది ధమని, గుండెకు వచ్చేది సిర. ఆ పేర్లు చెప్పేది దిశ ఒక్కటే, లోపలున్న రక్తం ఎలాంటిదో అవి చెప్పవు.

గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమని తీసుకోండి. పేరు ధమని, మోసేది ఆక్సిజన్ తగ్గిన రక్తం. ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు వచ్చే నాలుగు పుపుస సిరల్లో ఆక్సిజన్ నిండిన రక్తం ఉంటుంది. తల్లి కడుపులోని బిడ్డకు ఆక్సిజన్ తెచ్చేది బొడ్డుతాడులోని సిర. భోజనం తర్వాత పేగుల నుంచి చక్కెరను కాలేయానికి చేర్చేది కాలేయ నిర్వాహక సిర. అన్నం అరిగాక పోషకాలు అన్నిటికన్నా ఎక్కువగా ఉండే రక్తం అదే, దాన్ని చెడు అందామా? మూత్రపిండం వడకట్టిన తర్వాత యూరియా తగ్గిన రక్తం బయటికొచ్చేదీ సిరలోనే. విశ్రాంతిగా ఉన్న మనిషి సిరల రక్తంలో కూడా, గుండెకు తిరిగొచ్చే సమయానికి, హిమోగ్లోబిన్ సుమారు నాలుగింట మూడు వంతులు ఆక్సిజన్‌తోనే ఉంటుంది. పరీక్ష కోసం మోచేతి మడత దగ్గర తీసేది సిర రక్తమే. ఈసారి సూది గుచ్చినప్పుడు తల తిప్పుకోకుండా గొట్టంలోకి చూడండి, ముదురు ఎరుపు తప్ప నీలం కనబడదు. చర్మం కింద సిర నీలంగా కనిపించడానికి కారణం చర్మం గుండా కాంతి వచ్చే తీరు.

మాట తప్పయితే ఆలోచనా తప్పుతుంది కాబట్టే ఇంత పట్టుబడుతున్నాను. ఒంట్లో చెడు రక్తం ఉందని నమ్మిన మనిషి రక్తశుద్ధి పేరుతో అమ్మే ప్రతి సీసానూ కొంటాడు. ఆ పనికి ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రపిండాలు రాత్రింబవళ్లు ఉన్నాయి.

దారి తెలిసినవారికి ఒక జబ్బు దానంతట అదే అర్థమవుతుంది. చాలా రోజులు మంచం మీదే ఉన్నవారి కాలి సిరలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊడి కదిలితే, అది ఎక్కడ చిక్కుకుంటుంది? మెదడులో అని చాలామంది అంటారు. కాలి నుంచి పైకి వచ్చే కొద్దీ సిరలు వెడల్పవుతాయి, తర్వాత మహాసిర, తర్వాత గుండె గదులు, ఎక్కడా ఇరుకు లేదు. మొదటి ఇరుకు పుపుస ధమని శాఖల్లో వస్తుంది. అందుకే గడ్డ ఊపిరితిత్తుల్లో పడుతుంది, ఊపిరి అందకపోవడం ముందుగా కనిపిస్తుంది. బొటనవేలి చుక్కను నేరుగా ఎడమ జఠరికలోకి పంపినవారు ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పలేరు.

ఇక అభ్యాసం. పాత పటాన్ని దిద్దవద్దు, కొత్త కాగితం తీసుకోండి. ఉదయం తిన్న ఇడ్లీలోని చక్కెర అణువు ఒకటి చిన్న పేగు గోడ దాటి రక్తంలోకి వచ్చింది. అది మెదడులోని ఒక కణం దాకా వెళ్లాలి. దారిలో తగిలే ప్రతి గదినీ, ప్రతి కవాటాన్నీ (రక్తాన్ని వెనక్కి పోనివ్వని తలుపు), ప్రతి పెద్ద నాళాన్నీ వరుసగా రాయండి. పుస్తకం తెరవకూడదు, రంగులు వాడకూడదు. అది మెదడుకు చేరేలోపు ఎన్ని రక్తకేశనాళికల వలల గుండా వెళ్తుందో పేగు వలనూ మెదడు వలనూ కలిపి లెక్కపెట్టండి. నాలుగు రావాలి. మూడే వచ్చాయంటే కాలేయాన్నో ఊపిరితిత్తులనో దాటేశారన్నమాట. అప్పుడు మళ్లీ మొదటి గడి నుంచి గీయండి. నాలుగు వచ్చినవారు తర్వాతి పాఠానికి గోడ గడియారం ఒకటి దగ్గర పెట్టుకోండి, గుండె చప్పుళ్లు అప్పుడు వింటాం.