చూపులేని పిల్లలకు ఒంటరి నడక నేర్పడం: గోడ దగ్గర్నుంచి బీచ్ రోడ్డు దాకా

తెల్లకర్ర చేతికివ్వడంతో పాఠం మొదలుపెట్టకండి. కర్ర నేల సంగతే చెబుతుంది, తానెటు తిరిగి ఉన్నదీ పిల్లలకే తెలియాలి. ముందు గోడ దగ్గర నేర్పండి. వీపు, రెండు మడమలు గోడకి సమంగా ఆనించి నిలబడి, అక్కణ్ణుంచి సూటిగా ఎదురు గోడకి నడవాలి. ఒక్క మడమ ఎడంగా ఉన్నా నాలుగడుగుల్లో నడక పక్కకి పోతుంది.

గోడ వెంట నడిచేటప్పుడు చెయ్యి నడుము ఎత్తులో కాస్త ముందుకు ఉండాలి. వేళ్ళు లోపలికి ముడిచి, చిటికెనవేలు, ఉంగరపువేళ్ళ వెనకభాగం గోడని రాసుకుంటూ పోవాలి. చాచిన వేళ్ళు తలుపు సందులో ఇరుక్కుంటాయి.

మీరు తోడు నడిచేటప్పుడు పిల్లల చెయ్యి మీరు పట్టుకోకండి. వాళ్ళే మీ మోచేతికి కాస్త పైన పట్టుకుని అరడుగు వెనక నడవాలి. అప్పుడే మీరు దిగే మెట్టు, తిరిగే మలుపు వాళ్ళకి ముందే తెలుస్తాయి. మరీ చిన్నవాళ్ళు మణికట్టు పట్టుకుంటే చాలు. రోడ్డు మీద మంచి మనసుతోనే కర్ర పట్టుకుని లాగేవాళ్ళు ఎదురవుతారు. "కర్ర వదలండన్నా, మీ మోచెయ్యి ఇవ్వండి" అని బెరుకు లేకుండా అనడం కూడా పాఠంలో భాగమే.

కర్ర పొడవు నిటారుగా నిలబడ్డప్పుడు రొమ్ము ఎముక కింది కొసకీ చంకకీ మధ్య ఉండాలి. పొట్టిదైతే అడ్డం తెలిసేసరికే కాలు తగిలేస్తుంది, నడుమూ వంగిపోతుంది. పిల్లలు ఎదుగుతుంటారు గనక ఆరేసి నెలలకి మళ్ళీ కొలవండి. పిడి పట్టిన చెయ్యి బొడ్డుకి ఎదురుగా, చూపుడువేలు పిడి మీద చాచి ఉండాలి. మణికట్టు మాత్రమే ఆడాలి. కొస భుజాల వెడల్పుకి అటూ ఇటూ రెండేసి అంగుళాలు ఎక్కువగా తిరగాలి. కుడికాలు పడేటప్పుడు కొస ఎడమవైపు ఉండాలి, ఎందుకంటే తర్వాత ఎడమకాలు పడేది అక్కడే. చాలామందికి చెయ్యి మెల్లగా కుడి తుంటివైపు జారిపోతుంది, దాంతో ఎడమపక్క నేల తడమకుండానే మిగిలిపోతుంది. నడుస్తుండగా మాటిమాటికీ సరిచేస్తూనే ఉండాలి.

మన ఫుట్‌పాత్‌ల మీద పలకలు లేచిపోయిన కాలువలున్నాయి. కర్రని అటొకసారి ఇటొకసారి తాటిస్తే మధ్యలో గుంట తప్పిపోతుంది. అందుకే ఇక్కడ దొర్లే కొస తొడిగి, నేలకి ఆనించే తిప్పడం నేర్పండి. నడుముకి పైన వేలాడే వాటిని, అంటే స్తంభాల తీగలు, ఫ్లెక్సీలు, ఆగిన లారీ వెనకభాగం లాంటివాటిని కర్ర పట్టుకోలేదు. అలాంటి చోట ఖాళీగా ఉన్న ముంజేతిని, అరచెయ్యి బయటికి ఉండేలా, ముఖానికి అడ్డంగా పెట్టుకోవాలి.

దిక్కు నేర్పడానికి మన విశాఖ బీచ్ రోడ్డుని మించింది లేదు. సముద్రం కుడిచేతివైపు ఉంటే నడక కైలాసగిరివైపు, ఎడమచేతివైపు ఉంటే హార్బరువైపు. పగలు గాలి సముద్రం మీంచి వీస్తుంది, రాత్రి నేలవైపు నుంచి తిరగబడవచ్చు. కాబట్టి గాలిని ఒక్కదాన్నే నమ్మనివ్వకండి, అలల హోరుతో సరిచూడమనండి. అయితే హోరు పొడవునా ఒకటే, ఎటు వెళ్తున్నదీ చెబుతుంది గానీ ఎక్కడున్నదీ చెప్పదు. ముంత మసాలా బండి వాసన సాయంత్రమే వస్తుంది, బండీ రోజూ ఒకేచోట ఉండదు. గుర్తు అంటే ఎప్పుడెళ్ళినా అక్కడే దొరికేది: ర్యాంపు, మెట్టు, కాలికింద మారే నేల. కాస్త చూపు ఉన్న పిల్లలకి పొద్దుటెండ సముద్రం మీంచి కళ్ళలో కొడుతుంది, ముందంచు ఉన్న టోపీ పెట్టండి.

రోడ్డు దాటడం సందడి తక్కువున్న సందులో మొదలుపెట్టి, జంక్షన్‌లని చివరికి ఉంచండి. దగ్గరి సగంలో బళ్ళు కుడివైపు నుంచి, డివైడర్ దాటాక ఎడమవైపు నుంచి వస్తాయి. రాంగ్ రూటులో వచ్చే బైకుల వల్ల రెండువైపులా వినాల్సిందే. సిగ్నల్ దగ్గర తనకి సమాంతరంగా ఉన్న బళ్ళు ఒక్కసారిగా కదిలిన చప్పుడే దాటే వేళ, కానీ వాటిల్లోంచి ఎడమకి తిరిగేవి తన మీదికే వస్తాయి. ఎలక్ట్రిక్ ఆటోల చప్పుడు దగ్గరికొచ్చాక గానీ తెలియదు. మీరు మొదట్లో చెయ్యి అందేంత దగ్గర ఉండండి, తర్వాత మాట్లాడకుండా వెనక నడవండి.

వానా గాలీ గట్టిగా ఉన్నరోజు బళ్ళ చప్పుడు వినబడదు. ఆరోజు రోడ్డు పాఠం ఆపి, లోపల మెట్లు నేర్పండి. ఎక్కేటప్పుడు కర్రని నిలువుగా, కాలికంటే ముందు మెట్టు అంచుకి తగిలేలా పట్టుకోవాలి. కొసకి అంచు తగలలేదంటే ఇంకొక్క మెట్టే మిగిలిందన్నమాట.