ఇరవైతో మొదలై పదిహేడుతో ముగిసే క్రోషే అల్లిక: సమస్య - పరిష్కారం

"అక్కా, చతురస్రం అల్లుతుంటే త్రికోణం వస్తోంది" అంటూ ఫోటో పంపేవాళ్లను నేను ముందుగా అడిగేది ఒక్కటే: వరుసకు ఎన్ని కుట్లు ఉన్నాయి? దీనికి జవాబు రాదు. హుక్కు మార్చి చూశామంటారు, విశాఖలో పూర్ణా మార్కెట్ దాకా వెళ్లి ఇంకో రకం దారం తెచ్చామంటారు, మా చేతికి ఈ విద్య అబ్బదేమో అని నిట్టూరుస్తారు. లెక్క మాత్రం పెట్టరు. కాబట్టి కింద ఏ సమస్య గురించి చదువుతున్నా సరే, ముందు మీ అల్లికను బల్ల మీద పరిచి ప్రతి వరుసలోనూ కుట్లు లెక్కపెట్టండి. పైనుంచి చూస్తే వరుస అంచు జడ అల్లినట్టు కనిపిస్తుంది. ఆ జడలో రెండు పోగులు కలిసి V ఆకారంలో కనిపించేది ఒక్కో కుట్టు. హుక్కు మీద ఉన్న లూపు లెక్కలోకి రాదు.

చైన్, సింగిల్ క్రోషే, డబుల్ క్రోషే వేయడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను. నేను వాడే పేర్లన్నీ అమెరికన్ పద్ధతివి. బ్రిటిష్ ప్యాటర్న్‌లో డబుల్ క్రోషే అని ఉంటే అది మన సింగిల్ క్రోషే. అల్లింది ఫోటోలో ఉన్నదానికంటే మరీ పొట్టిగానో, మరీ పొడుగ్గానో వస్తే ఆ ప్యాటర్న్ ఏ పద్ధతిదో చూసుకోండి. అందులో ఎక్కడైనా సింగిల్ క్రోషే అని కనిపిస్తే అది అమెరికన్.

సమస్య: వెడల్పు తగ్గుతోంది, లేదా పెరుగుతోంది

తిరుగు చైన్ దగ్గర తేడా వచ్చింది. వరుస పూర్తయ్యాక అల్లికను తిప్పి, కొత్త వరుస ఎత్తుకు సరిపడా వేసే చైన్ అది. సింగిల్ క్రోషేకు ఒక చైన్, డబుల్ క్రోషేకు సాధారణంగా మూడు. చూడటానికి కుట్టులా ఉండదు. సన్నగా, పక్కకు ఒరిగి, అంచున వెనక్కి మెలితిరిగి ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల కంటికి అది అసలు ఆనదు.

డబుల్ క్రోషేలో ఈ చైన్‌ను రెండు రకాలుగా చూస్తారు. మొదటి పద్ధతిలో మూడు చైన్లు కలిపి ఒక కుట్టుతో సమానం. కాబట్టి వరుస మొదట్లో, చైన్ అడుగున ఉన్న కుట్టును వదిలేసి దాని పక్క కుట్టులో మొదలుపెట్టాలి. వరుస చివర కింది వరుస తిరుగు చైన్ కొసన తప్పకుండా ఒక కుట్టు వేయాలి. రెండో పద్ధతిలో చైన్ లెక్కలోకి రాదు. మొదటి కుట్టు చైన్ అడుగునే వేస్తారు, వరుస చివర కింది చైన్‌ను ముట్టుకోరు. రెండూ సరైనవే, దేంతో అల్లినా అంచు నిటారుగానే వస్తుంది.

వరుస మొదలు ఒక పద్ధతిలో, ముగింపు ఇంకో పద్ధతిలో చేస్తేనే తంటా. మొదట్లో చైన్‌ను కుట్టుగా లెక్కించి అడుగు కుట్టును వదిలేశారు. చివర దాన్ని కుట్టు కాదనుకుని మళ్లీ వదిలేశారు. వరుసకు ఒకటి పోయింది. 20, 19, 18, 17. ఇదే తలకిందులైతే, అంటే అడుగు కుట్టులోనూ వేసి చివర చైన్ కొసనా వేస్తే, వరుసకు ఒకటి పెరుగుతుంది. సగం ఒక వీడియో చూసి, మిగతా సగం ఇంకో వీడియో చూసి నేర్చుకున్నవాళ్లకు దాదాపు తప్పకుండా వచ్చే జబ్బు ఇది. ఏ వీడియోలోనూ తప్పు ఉండదు.

పరిష్కారం పిన్నీసు. మొదటి పద్ధతిలో అల్లుతుంటే, మూడు చైన్లు వేయగానే మూడో చైన్‌లో ఒక చిన్న పిన్నీసు గుచ్చండి. మార్కర్లని ప్రత్యేకంగా అమ్ముతారు కానీ, మన ఇళ్లలో గాజులకో మంగళసూత్రానికో వేలాడే పిన్నీసుకు ఏ లోటూ లేదు. తిరిగి వచ్చేటప్పుడు మీ ఆఖరి కుట్టు సరిగ్గా ఆ పిన్నీసు ఉన్నచోటే పడాలి. హుక్కును చైన్‌లోని రెండు పోగుల కిందుగా దూర్చండి. చైన్‌కూ పక్క కుట్టుకూ మధ్య ఉన్న సందులోంచి వేస్తే లెక్క సరిపోతుంది కానీ అంచు పొడవునా కన్నాలు పడతాయి.

కొత్తవాళ్లకు నేను రెండో పద్ధతే చెబుతాను: రెండే చైన్లు వేయండి, వాటిని లెక్కలో కలపకండి. నిజమైన కుట్లను మాత్రమే లెక్కపెట్టుకోవచ్చు, అంచున పెద్ద సందులూ పడవు. అయితే ప్యాటర్న్‌లో మూడు చైన్లు ఒక కుట్టుతో సమానం అని రాసి ఉంటే ప్యాటర్న్ మాటే చెల్లుతుంది.

అసలు మోసం: లెక్క సరిపోతుంది, అల్లిక మాత్రం వంకర

బాగా అల్లేవాళ్లను కూడా తికమక పెట్టేది ఇదే. "లెక్కపెట్టానక్కా, కచ్చితంగా 20 ఉన్నాయి" అంటారు. నిజంగానే ఉంటాయి. అయినా అంచు ఒకచోట లోపలికి, ఇంకోచోట బయటికి పోతుంటుంది. కారణం రెండింటిలో ఏదో ఒకటి.

మొదటిది, పది వరుసలకోసారి లెక్కపెట్టడం. మూడో వరుసలో ఒకటి పోయింది, నాలుగులో ఇంకొకటి పోయింది, ఏడులో ఒకటి, ఎనిమిదిలో ఒకటి పెరిగాయి. పదో వరుసలో చూస్తే 20. మొదట్లోనూ 20, ఇప్పుడూ 20, మధ్యలో 18. నష్టం, లాభం ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి. అందుకే ప్రతి వరుస చివరా, అల్లికను తిప్పకముందే లెక్కపెట్టమని పోరుతుంటాను.

రెండోది, ఇంకా తరచుగా కనిపించేది, సర్దుబాటు కుట్టు. లెక్క 19 వచ్చింది. ఒక కుట్టు ఎక్కడ పోయిందో వెతకడానికి బద్ధకం. తర్వాతి వరుస మధ్యలో ఎక్కడో ఒకే కుట్టులో రెండు వేసేసి 20 చేసేస్తారు. పోయింది అంచున, కలిపింది నడుమ. ఇలా నాలుగైదు సార్లు చేస్తే అంచులు లోపలికి లాగుతాయి, మధ్యభాగం ఉబ్బుతుంది, నిలువుగా ఉండాల్సిన కుట్ల గీతలు మధ్యనుంచి రెండు వైపులకూ వాలిపోతాయి. లెక్కను నమ్ముకున్నవాళ్లు ఇక దారాన్ని అనుమానిస్తారు, హుక్కును అనుమానిస్తారు, చేతి బిగువును అనుమానిస్తారు.

పట్టుకోవడం తేలికే. అల్లికను కిటికీ వైపు వెలుతురుకు ఎత్తి పట్టుకుని కుట్ల పాదాలు చూడండి. ఒకే రంధ్రంలోంచి రెండు కుట్లు గవ్వ విచ్చుకున్నట్టు పైకి లేస్తుంటే, ప్యాటర్న్‌లో అక్కడ పెంపు (కావాలనే ఒకే కుట్టులో రెండు వేయడం) లేకపోతే, దొంగ దొరికినట్టే. ఆ వరుసకు కింది వరుస చివర చూడండి, తిరుగు చైన్ ఒంటరిగా నిలబడి ఉంటుంది. అక్కడిదాకా విప్పండి. దీనికి అడ్డదారి లేదు. చుట్టూ బోర్డరు వేస్తే కనబడదులే అనుకుంటారు. ఒకటో రెండో కుట్ల తేడాను బోర్డరు మింగుతుంది, అంతకుమించితే బోర్డరు కూడా వంకరే వస్తుంది.

సింగిల్ క్రోషేలో తిరుగు చైన్ ఒక్కటే, లెక్కలోకి రాదు. అక్కడ తప్పిపోయేది వరుస మొదటి కుట్టు. తిప్పగానే హుక్కుకు సరిగ్గా కిందే ఉంటుంది, బిగుసుకుని ఉంటుంది కాబట్టి దాన్ని దాటేసి రెండోదాంట్లో వేస్తారు. మొదటి కుట్టు వేయగానే పిన్నీసు పెట్టండి. తిరిగి వచ్చేటప్పుడు అదే ఆఖరిది.

వరుసల్లో కాకుండా గుండ్రంగా అల్లేవాళ్లకు ఇదే మోసం స్లిప్ కుట్టు రూపంలో ఎదురవుతుంది. చుట్టును కలపడానికి వేసిన స్లిప్ కుట్టు పైనుంచి అచ్చం కుట్టులాగే కనిపిస్తుంది. అందులో కూడా ఒకటి వేసేస్తే చుట్టుకొకటి పెరుగుతుంది. చుట్టు మొదటి కుట్టుకు పిన్నీసు ఉంటే, కలపాల్సింది ఎక్కడో, ఎక్కడ వేయకూడదో తెలిసిపోతుంది.

సమస్య: గుండ్రని మ్యాట్ గిన్నెలా లేస్తోంది, లేదా అంచు కుచ్చిళ్లు పడుతోంది

గిన్నెలా లేస్తే పెంపు చాలలేదు, కుచ్చిళ్లు పడితే ఎక్కువైంది. సింగిల్ క్రోషేతో చదునుగా రావాలంటే చుట్టుకు 6 చొప్పున పెరగాలి: 6, 12, 18, 24. డబుల్ క్రోషేకు 12 చొప్పున. టోపీ అల్లుతున్నవాళ్లకు గిన్నె కావాల్సిందే, అందుకే కొన్ని చుట్ల తర్వాత పెంచడం ఆపేస్తారు. టోపీ ప్యాటర్న్ చూస్తూ టీపాయ్ మ్యాట్ ఎందుకు రావడం లేదని అడిగేవాళ్లూ ఉన్నారు.

సమస్య: అడుగు అంచు బిగుసుకుని విల్లులా వంగుతోంది

మొదటి చైన్ బిగువుగా వేశారు. ఆ చైన్ మాత్రం ఒక సైజు పెద్ద హుక్కుతో వేసి, తర్వాత మామూలు హుక్కుకు మారండి. చైన్ లెక్క కూడా సరిచూసుకోండి: 20 సింగిల్ క్రోషేలకు 21 చైన్లు వేసి హుక్కునుంచి రెండోదాంట్లో మొదలుపెట్టాలి, చైన్‌ను కుట్టుగా లెక్కించే పద్ధతిలో 20 డబుల్ క్రోషేలకు 22 వేసి నాలుగోదాంట్లో.

సమస్య: హుక్కు దూరడం లేదు, వేళ్లు నొప్పి

లూపులను హుక్కు మెడ దగ్గరే బిగిస్తున్నారు. కుట్టు సైజును నిర్ణయించేది లావుగా ఉండే కాడ భాగం. ప్రతి లూపూ కాడ మీదికి వచ్చాకే తర్వాతి పని. దీనికి మన విశాఖ ఉక్కపోత తోడవుతుంది. మే నెల మధ్యాహ్నం చెమట చేతుల్లో ఊలు జారదు, లోహపు హుక్కు అంటుకుంటుంది, తెలియకుండానే దారం లాగి పడతారు. పొద్దున అల్లిన వరుసలు వదులుగా, మధ్యాహ్నం అల్లినవి బిర్రుగా వస్తాయి. చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని ఫ్యాను కింద కూర్చోండి. ఆర్కే బీచ్‌లో కూర్చుని అల్లుకోవాలన్న సరదా మంచిదే కానీ, ఉండలోకి దూరిన ఇసుక అంత తొందరగా వదలదు.

అమ్మమ్మ దాచిన సన్న స్టీలు హుక్కు, తెల్ల నూలు ఉండతో మొదలుపెట్టి కళ్లు, వేళ్లు పాడుచేసుకోకండి. నరసాపురం లేసు అల్లే ఆడవాళ్లు అంత సన్న దారంతో ఏళ్ల తరబడి పనిచేసి సంపాదించిన వాటం అది. కొత్తవాళ్లకు లేత రంగులో కాస్త లావు దారం, 4 మి.మీ. హుక్కు మేలు. నల్ల దారం అసలే వద్దు, కుట్టు కనిపించకపోతే ఏం లెక్కపెడతారు?

సమస్య: ఉతికాక ముడి ఊడింది

కొస మరీ పొట్టిగా కత్తిరించారు. కనీసం ఒక జానెడు వదిలి, మొద్దు సూదితో కుట్ల వెనకగా ఒక వైపుకు, మళ్లీ వెనక్కి దూర్చండి. ముడి ఒక్కదాన్నే నమ్ముకుంటే ఆక్రిలిక్ ఊలు జారిపోతుంది.

ఇక మిగిలినవి. అల్లిక మీద ఒక వైపు అడ్డగీతలు కనిపిస్తుంటే ఒకే పోగులోంచి వేస్తున్నారు, రెండు పోగుల కిందుగా దూర్చండి. దారం పోగులు విడిపోతుంటే హుక్కు ఒక సైజు పెంచండి. తెల్ల దారం మీద గోధుమరంగు మరక కనిపిస్తే సముద్రపు గాలికి స్టీలు హుక్కు తుప్పుపట్టింది, దాన్ని పారేయండి. దారం పురి ఎటు తిరిగింది, మీది ఎడమచేతి వాటమా అన్న చర్చలు అరుదుగా తప్ప అక్కరకు రావు. వాటిదాకా వెళ్లేముందు ఆ ఆఖరి వరుస ఇంకోసారి లెక్కపెట్టి, ఎన్ని వచ్చాయో రాసి అప్పుడు ఫోటో పంపండి.