పనిముట్ల శుద్ధి – 4వ పాఠం: గాలిని బయటికి పంపడం

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. కడిగిన ఫోర్సెప్స్‌ని (డాక్టర్లు వాడే పట్టకారు) నోరు తెరిచి, తెల్ల గుడ్డ మీద పెట్టి, కీలు దగ్గర భూతద్దంతో చూడమన్నాను. అక్కడ గోధుమరంగు గీత ఇంకా కనిపిస్తుంటే ఈ పాఠం మొదలుపెట్టకండి. వెనక్కి వెళ్ళి బ్రష్ పట్టుకోండి. మురికి పేరుకున్న చోటికి ఆవిరి చేరదు.

గీత పోయిందా? అయితే ఆటోక్లేవ్ దగ్గరికి, అంటే ప్రెషర్‌లోని ఆవిరితో క్లినిక్ పనిముట్లను శుద్ధి చేసే పాత్ర దగ్గరికి వద్దాం. దానికంటే ముందు వంటింట్లోకి.

కుక్కర్ పొయ్యి మీద పెట్టినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు ఒక మాట చెప్తారు: "ఆవిరి బుస్సుమని వచ్చాక విజిల్ పెట్టు, ముందే పెట్టకు." కారణం అడిగితే పప్పు సరిగా ఉడకదంటారు. ఆ మాటలో ఈ పాఠం సగం ఉంది. మూత పెట్టినప్పుడు కుక్కర్ నిండా గాలి ఉంటుంది. నీళ్ళు మరిగి పుట్టిన ఆవిరి ఆ గాలిని బయటికి తోస్తుంది. గాలి పోకముందే దారి మూసేస్తే ప్రెషర్ పెరుగుతుంది గానీ, ఆ ప్రెషర్‌కి రావలసిన వేడి రాదు. ఎందుకంటే ఆ ప్రెషర్‌లో కొంత ఆవిరిది, కొంత గాలిది. గేజు రెండింటినీ కలిపి చూపిస్తుంది. ఏది ఎంతో విడదీసి చెప్పలేదు.

లెక్క చూడండి. సముద్ర మట్టం దగ్గర (చదరపు అంగుళానికి) 15 పౌండ్ల ప్రెషర్‌కి, గాలి పూర్తిగా పోయి ఉంటే లోపల 121 డిగ్రీలు. సగం గాలి మిగిలితే అదే 15 పౌండ్లకి దాదాపు 112 డిగ్రీలు. గాలి అసలు పోకపోతే 100 డిగ్రీల దగ్గరే. మూడు సందర్భాల్లోనూ ముల్లు మాత్రం ఒకే అంకె మీద నిలబడుతుంది.

100 డిగ్రీలు చాలదా అనిపించవచ్చు. మన చిన్నప్పుడు డాక్టరు గారు స్టీలు పెట్టెలో గాజు సిరంజి ఉడకబెట్టేవారు కదా! మరిగే నీళ్ళు మామూలు సూక్ష్మక్రిములను చంపుతాయి. కొన్ని బాక్టీరియాలు మాత్రం కష్టకాలంలో గట్టి పెంకు కట్టుకుని విత్తనంలా నిద్రపోతాయి. వాటినే స్పోర్లు అంటాం. ధనుర్వాతం తెచ్చే బాక్టీరియా ఆ జాతిదే. స్పోర్లు మరుగునీటిని తట్టుకుని బతకగలవని 1870లలో తేలింది. ఆ దశాబ్దం చివర, 1879లో, పాశ్చర్ ప్రయోగశాలలో పనిచేసే చార్లెస్ షాంబర్లాండ్ ఆటోక్లేవ్ తయారుచేశాడు. మూత బిగించి ఆవిరిని బంధించే పాత్ర అంతకు 200 ఏళ్ళ ముందే ఉంది. 1679లో డెనిస్ పాపిన్ ఎముకలు మెత్తబడేలా ఉడికించడానికి చేసిన పాత్ర అది. పేలకుండా దానికి సేఫ్టీ వాల్వు కూడా పెట్టాడు. అంటే మన వంటింటి కుక్కరూ, క్లినిక్‌లోని ఆటోక్లేవూ ఒక తల్లి బిడ్డలే.

వేడి గాలి కంటే ఆవిరి ఎందుకు మేలు? పొడి వేడితో శుద్ధి చేయాలంటే 160 డిగ్రీల దగ్గర 2 గంటలు పడుతుంది. ఆవిరైతే 121 డిగ్రీల దగ్గర నిమిషాల్లో పని అవుతుంది. ఒక గ్రాము నీటిని సున్నా నుంచి 100 డిగ్రీల దాకా వేడి చేయడానికి 100 కెలోరీలు చాలు. అదే గ్రాము 100 డిగ్రీల దగ్గర ఆవిరి కావడానికి మరో 540 కెలోరీలు కావాలి. ఆ ఆవిరి చల్లటి కత్తెరను తాకి మళ్ళీ నీరైనప్పుడు దాచుకున్న 540నీ ఆ కత్తెరకి ఇచ్చేస్తుంది. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు చెయ్యి కాలిన ప్రతివాళ్ళకీ ఇది అనుభవమే. మధ్యలో గాలి పొర అడ్డుంటే ఆవిరి కత్తెరను తాకదు, ఆ వేడి దానికి అందదు.

ఇప్పుడు ఒక సంగతి చెప్తాను. పోయిన వానాకాలం దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక పళ్ళ క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. స్పోర్ పరీక్షలో, అంటే స్పోర్లున్న సీసాను పనిముట్లతో పాటు ఆటోక్లేవ్‌లో పెట్టి చూసే పరీక్షలో, సీసా పసుపురంగుకి తిరిగింది, అంటే స్పోర్లు బతికే ఉన్నాయి. వెళ్ళాను. అక్కడ హెల్పర్‌గా చేసే అమ్మాయి చాలా శ్రద్ధ గలది. రిజిస్టర్‌లో లోడు (ఆటోక్లేవ్‌లో ఒక విడతగా పెట్టే పనిముట్లు) నంబరు, తేదీ, టైము ఒక్కటి కూడా తప్పలేదు. కళ్ళలో నీళ్ళు పెట్టుకుని అడిగింది: "అక్కా, గేజు పదిహేను చూపెట్టింది. పొట్లం మీది టేపు గూడ నల్లగైంది. ఇంకేం జెయ్యాలె నేను?"

"ఏం తప్పు చేశావని అడగట్లేదమ్మా, నా ముందు ఒకసారి లోడు పెట్టి చూపించు" అన్నాను.

పెట్టింది. తప్పు రెండు చోట్ల దొరికింది. మొదటిది, స్టవ్ వెలిగించగానే గాలి పోయే వాల్వు మూసేసింది. పేషెంట్లు ఎదురుచూస్తుంటే తొందరగా ప్రెషర్ వస్తుందని ఎవరో చెప్పారట. రెండోది, స్టీలు గిన్నెలను, కిడ్నీ ట్రేలను వెల్లకిలా ఒకదాని మీద ఒకటి పేర్చింది. ఈ రెండోదాని దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే శిక్షణ పొందినవాళ్ళు కూడా ఇక్కడ తప్పుతారు.

ఆవిరి కంటే గాలి బరువైనది. అందుకే ఆటోక్లేవ్‌లో గాలి కిందికి దిగుతుంది, ఆవిరి పైనుంచి నిండుతూ దాన్ని కింది దారి గుండా తోస్తుంది. గిన్నె వెల్లకిలా ఉంటే అందులోని గాలి కిందికి పోలేక, బావిలో నీళ్ళలా అక్కడే నిలబడిపోతుంది. గిన్నెను నీళ్ళతో నింపి పెట్టారనుకోండి. ఆ నీళ్ళు ఒలికిపోయేలా వంచి పెడితే గాలీ పోతుంది, నిలిచేలా పెడితే గాలీ నిలుస్తుంది. లోడు పెట్టే ప్రతిసారీ ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇందులో నీళ్ళు పోస్తే కారిపోతాయా? గిన్నెలు బోర్లించండి లేదా పక్కకు వాల్చండి. ట్రేలు అంచు మీద నిలబెట్టండి. పనిముట్లు పెట్టి అంటించే పౌచ్‌లకు ఒకవైపు కాగితం, ఇంకోవైపు ప్లాస్టిక్ ఉంటాయి. ఆవిరి దూరేది కాగితం వైపు నుంచే, కాబట్టి పుస్తకాల్లా నిలబెట్టి వేలు దూరేంత సందు వదలండి. దూది, గుడ్డలు పెట్టే డ్రమ్ము పక్కన చిల్లులుంటాయి, వాటి మీద జారే పట్టీ ఉంటుంది. లోపల పెట్టేటప్పుడు చిల్లులు తెరిచి ఉంచాలి, బయటికి తీయగానే మూయాలి. ఇడ్లీ ప్లేటు చిల్లులన్నీ మూసేస్తే పైవరస ఇడ్లీలు పిండిగానే ఉండవూ!

హ్యాండ్‌పీస్‌ల (పళ్ళ డాక్టర్ల డ్రిల్లు పిడుల) వంటి సన్నటి గొట్టాలున్న పనిముట్ల సంగతి వేరు. వాటిలోని గాలిని ఆవిరి తన బలంతో తోయలేదు. పంపుతో గాలిని ముందే లాగేసే మెషిన్ కావాలి. బి క్లాస్ అంటారు. దాని గురించి విడిగా ఒక పాఠం రాస్తాను.

గాలి పోయే దారి గురించి ఇంకో మాట. పెద్ద మెషిన్లలో ఆ దారి దగ్గర స్టీమ్ ట్రాప్ అనే చిన్న వాల్వు ఉంటుంది. నాకు ఈ మొత్తం యంత్రంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. ఒక రకంలో చిన్న లోహపు బుడ్డి, దానిలో త్వరగా మరిగే ద్రవం ఉంటాయి. చల్లటి గాలి, నీరు తగులుతున్నంత సేపు బుడ్డి ముడుచుకుని దారి తెరిచి ఉంచుతుంది. అసలైన ఆవిరి తాకగానే లోపలి ద్రవం ఉబ్బి, బుడ్డి సాగి దారి మూస్తుంది. కరెంటు అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. వచ్చింది గాలా ఆవిరా అని పసిగట్టేదీ, తలుపు వేసేదీ అదే. దాని ముందున్న జల్లెడలో దూది పోగులు, దారాలు పేరుకుంటాయి. రోజూ ఉదయం మెషిన్ చల్లగా ఉన్నప్పుడు తీసి కడగండి. జల్లెడ మూసుకుపోతే ఆ ట్రాప్ తెలివంతా వృథా.

చిన్న స్టవ్ ఆటోక్లేవ్‌లో ఆ పని మీ చెయ్యే చేయాలి. వాల్వు తెరిచి ఉంచండి. ఆవిరి గట్టి ధారగా రావడం మొదలయ్యాక 5 నిమిషాలకు తగ్గకుండా పోనివ్వండి. మీ మెషిన్ పుస్తకంలో ఇంకా ఎక్కువ రాసి ఉంటే అంతసేపు. తర్వాతే మూయండి.

ఇక మన ఊరి లెక్క. హైదరాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. బయటి గాలి ఒత్తిడి సముద్రం ఒడ్డున 14.7 పౌండ్లైతే ఇక్కడ 13.8 దగ్గర ఉంటుంది. గేజు బయటి గాలిని సున్నా అనుకుని లెక్కపెడుతుంది. కాబట్టి విశాఖలో 15 పౌండ్లకి 121 వస్తే, ఇక్కడ అదే 15కి 120 వస్తుంది. ఒక్క డిగ్రీయే కదా అనుకోకండి. ఆ ఒక్క డిగ్రీకి, అదే పని జరగాలంటే టైము పావు వంతు పెంచాలి. అందుకే ఇక్కడ గేజు చూసి నడిపే ఆటోక్లేవ్‌ని 16 పౌండ్ల దగ్గర నిలబెట్టండి. మీ మెషిన్ మీద రాసిన గరిష్ఠ హద్దు దాటకూడదు సుమా! ఉష్ణోగ్రతను నేరుగా కొలిచే ఆటోమేటిక్ మెషిన్లకు ఈ సవరణ అక్కర్లేదు. పొట్లం కట్టిన పనిముట్లకు 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంచాలి. లెక్క మొదలయ్యేది ఆ వేడి వచ్చిన క్షణం నుంచి. స్టవ్ వెలిగించినప్పటి నుంచి కాదు.

మరి టేపు? పొట్లం మీది టేపు నల్లబడితే అది ఆటోక్లేవ్‌లోకి వెళ్ళొచ్చిందని అర్థం. శుద్ధి అయిన పొట్లం, కాని పొట్లం కలిసిపోకుండా చూడటానికి అది. పొట్లం లోపల పెట్టే టైప్ 5 స్ట్రిప్ (రంగు పాకే చిన్న సూచిక పట్టీ) దానికంటే చాలా నయం. వేడి, టైము, ఆవిరి మూడూ కుదిరితేనే దాని రంగు గీత దాటుతుంది. అన్నిటికంటే పెద్ద సాక్షి స్పోర్ సీసా. అందులో ఉండేది జియోబాసిల్లస్ స్టీరోథెర్మోఫిలస్ అనే బాక్టీరియా స్పోర్లు. ఆవిరికి ఎంతో మొండిగా ఎదురునిలిచే జాతి, మనుషులకు జబ్బు చేయదు. వారానికి ఒకసారైనా, నిండు లోడులో, ఆవిరి చేరడం అన్నిటికంటే కష్టమైన చోట ఒక సీసా పెట్టండి. పంపు లేని మామూలు రకంలో ఆ చోటు అడుగున, గాలి పోయే దారి పక్కన. చల్లారాక తీసి, లోపలి గాజుబుడ్డి చిట్లేలా నొక్కి, 55 నుంచి 60 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టాలి. ఆటోక్లేవ్‌లో పెట్టని ఇంకో సీసాను కూడా పక్కనే పెట్టండి. ఆ రెండో సీసా పసుపు కావాలి, మొదటిది ఊదారంగులోనే ఉండాలి. రెండూ ఊదాగానే ఉంటే సంతోషపడకండి. స్పోర్లు ముందే చచ్చిపోయి ఉండవచ్చు, ఇంక్యుబేటర్ పాడై ఉండవచ్చు. ఆ పరీక్ష లెక్కలోకి రాదు, మళ్ళీ చేయాలి.

ఆ క్లినిక్‌లో, చివరిసారి పరీక్ష నెగ్గిన తేదీ తర్వాత కట్టిన పొట్లాలన్నీ విప్పించి మళ్ళీ మొదటి నుంచి చేయించాను. ఆ అమ్మాయి రిజిస్టర్ అంత శుభ్రంగా రాయకపోయి ఉంటే ఏవి విప్పాలో తెలిసేది కాదు. వాల్వు సరిగా వదిలి, గిన్నెలు బోర్లించాక వరసగా మూడు పరీక్షలు పెట్టాం. మూడు సీసాలూ ఊదారంగులోనే ఉన్నాయి. మూడోది చూపించడానికి ఆ అమ్మాయి వీడియో కాల్ చేసింది.

ఇంటి పని: కుక్కర్‌లో రెండు గ్లాసుల నీళ్ళు పోసి, విజిల్ పెట్టకుండా మూత బిగించండి. మొహం దూరంగా ఉంచి గొట్టాన్ని పక్కనుంచి చూడండి. మొదట తెల్లటి పొగ బద్ధకంగా, గొట్టం మూతి నుంచే వస్తుంది. కాసేపటికి ధార బలపడి, మూతికీ తెల్ల పొగకీ మధ్య ఏమీ లేనట్టు ఒక ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీలో ఉన్నదే అసలైన ఆవిరి. అది కంటికి కనపడదు. తెల్లగా కనిపించేవి చల్లబడిన నీటి తుంపరలు. పొగ మొదలైన దగ్గర్నుంచి ఖాళీ కనిపించేదాకా ఎన్ని నిమిషాలో రాసుకోండి. మర్నాడు క్లినిక్‌లో మీ ఆటోక్లేవ్ వాల్వు దగ్గర అదే చూసి, ఆ నిమిషాలు పక్కన రాయండి.

వచ్చే పాఠం ఆరబెట్టడం గురించి. దానికోసం ఒక పొట్లాన్ని ఆటోక్లేవ్‌లో పెట్టేముందు వంటింటి తూకం మీద తూచండి, తీసి చల్లారాక మళ్ళీ తూచండి. రెండు అంకెలూ లోడు నంబరు పక్కనే ఉండాలి.