మ్యూ రిసెప్టర్ పేపర్ చేతికొస్తే ఎక్కడ మొదలుపెట్టాలి

సెమినార్ కోసం ఓపియాయిడ్ రిసెప్టర్ల (మార్ఫిన్ లాంటి మందులు అంటుకునే ప్రోటీన్లు, మ్యూ వాటిలో ఒకటి) మీద పేపర్ డౌన్‌లోడ్ చేసుకుని, అబ్‌స్ట్రాక్ట్ మూడుసార్లు చదివి, నాలుగోసారికి నిద్రపోయిన ఎంఫార్మ్ పిల్లల కోసం రాస్తున్నా. నేనూ ఆ బాపతే. నా మొదటి సెమినార్లో, మందు రిసెప్టర్‌ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే కేఐ అంకెల పట్టిక చూపించి "ఈ మందు కేఐ 0.5, ఆ మందుది 50, కాబట్టి రెండోదే వంద రెట్లు గట్టిగా అంటుకుంటుంది" అని ధీమాగా చెప్పేశా. మా మేడమ్ ఏమీ అనలేదు, కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంటూ కూర్చున్నారు. నేను చెప్పింది సరిగ్గా తలకిందులు.

అబ్‌స్ట్రాక్ట్ పక్కన పెట్టి ముందు మెథడ్స్ తీయండి. ఏ రిసెప్టర్, ఎవరి రిసెప్టర్, దాని మీద ఏం కొలిచారు, ఈ మూడూ పెన్సిల్‌తో మార్జిన్‌లో రాసుకోండి. మ్యూ అనే పేరు మార్ఫిన్ నుంచి వచ్చింది, కప్పా కీటోసైక్లాజోసిన్ అనే మందు నుంచి, డెల్టా మాత్రం చిట్టెలుక వాస్ డిఫరెన్స్ (వీర్యనాళం) నుంచి. నాలుగోది నోసిసెప్టిన్ రిసెప్టర్, చుట్టమే కానీ ఓపియాయిడ్లకు అడ్డుపడే మందు నాలాక్సోన్‌ని దగ్గరికి రానివ్వదు. పాత పేపర్లలో సిగ్మా కూడా కనిపిస్తుంది, దాన్ని ఈ కుటుంబంలోంచి ఎప్పుడో తీసేశారు, కంగారు పడొద్దు. మనిషి జీన్ ఎక్కించిన కణాలు వాడితే అక్కడ ఒకే రకం రిసెప్టర్ ఉంటుంది, లెక్క శుభ్రంగా ఉంటుంది. ఎలుక మెదడు నూరి వాడితే అన్ని రకాలూ కలిసే ఉంటాయి, అప్పుడు ఏ లైగాండ్ (రిసెప్టర్‌కి అంటుకునే పదార్థం) వేశారో చూడాలి: డామ్‌గో అయితే మ్యూ కోసం, యూ-69593 అయితే కప్పా కోసం.

ఇక అందరూ జారిపడే చోటు, బైండింగ్ నంబర్లు. పండగ ముందురోజు సాయంత్రం ఒంగోలు బస్టాండులో కనిగిరి బస్సు ఎక్కినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. సీట్లు రిసెప్టర్లు, జనం లైగాండ్ అనుకోండి. బస్సులో 50 సీట్లు ఉన్నాయి, అది బీమ్యాక్స్, ఎంతమంది తోసుకొచ్చినా ఆ అంకె మారదు. సగం సీట్లు నిండటానికి ప్లాట్‌ఫామ్ మీద ఎంత జనం ఉండాలో, అది కేడీ. కొద్దిమంది ఉన్నా సగం నిండిపోతోందంటే వాళ్ళకు ఆ బస్సే కావాలన్నమాట, అందుకే కేడీ ఎంత చిన్నదైతే పట్టు అంత గట్టిది. కేఐ కూడా అంతే, నాకు ఆరోజు తెలియనిది ఇదే. కేడీ 1 నానోమోలార్ అయితే, లైగాండ్ 1 వేస్తే సగం, 3 వేస్తే 75 శాతం, 9 వేస్తే 90 శాతం నిండుతాయి. లైగాండ్‌ని, లైగాండ్ ప్లస్ కేడీతో భాగించడమే, అంతకంటే ఏం లేదు.

మరి ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళ సంగతి? వాళ్ళు బస్సులో ఉన్నారు, సీట్లో లేరు. అది నాన్-స్పెసిఫిక్ బైండింగ్. దాన్ని కొలిచే ఉపాయం మన కిటికీలోంచి కర్చీఫ్ వేయడం లాంటిదే: మామూలు (రేడియోయాక్టివ్ కాని) నాలాక్సోన్ కుప్పలుగా పోసి సీట్లన్నీ ముందే ఆపేస్తారు, అప్పుడు కూడా రేడియోయాక్టివ్ లైగాండ్ ఎంత అంటుకుందో అది ఫుట్‌బోర్డు లెక్క. మాటవరసకి మొత్తం 2400 కౌంట్లు, కర్చీఫులు వేశాక 400 అనుకోండి, అసలు లెక్క 2000. ఫుట్‌బోర్డే సగం దాటిన పేపర్‌ని నేనైతే పెద్దగా నమ్మను.

1973లో జాన్స్ హాప్కిన్స్‌లో కాండేస్ పెర్ట్, సాలమన్ స్నైడర్ ఓపియేట్ రిసెప్టర్‌ని పట్టుకున్నది ట్రిటియం (రేడియోయాక్టివ్ హైడ్రోజన్) తగిలించిన నాలాక్సోన్‌తోనే. అదే ఏడు న్యూయార్క్‌లో ఎరిక్ సైమన్, స్వీడన్‌లో లార్స్ టెరేనియస్ కూడా విడివిడిగా అదే తేల్చారు.

ఐసీ50 (అంటుకున్న లైగాండ్‌లో సగాన్ని తప్పించడానికి ఎంత మందు కావాలో ఆ అంకె) కనిపిస్తే రెండు పేపర్లవి పక్కపక్కన పెట్టి పోల్చేయకండి. ముందు కేఐకి మార్చండి: ఐసీ50ని, ఒకటి ప్లస్ లైగాండ్ బై కేడీతో భాగించాలి. లైగాండ్, కేడీ సమానమైతే ఐసీ50 10 ఉన్నచోట కేఐ 5 వస్తుంది.

సీట్లో కూర్చున్నంత మాత్రాన బస్సు కదలదు, డ్రైవర్ సీట్లో ఎవరున్నారన్నదే ప్రశ్న. మార్ఫిన్ కూర్చుంటే బండి నడుస్తుంది, నాలాక్సోన్ కూర్చుంటే నడవదు, వేరేవాళ్ళని కూర్చోనివ్వదు కూడా. బ్యూప్రినార్ఫిన్ గట్టిగా అతుక్కుని సెకండ్ గేర్లోనే తోలుతుంది, లేపడం కష్టం. అందుకని బైండింగ్ పట్టిక చూశాక, రిసెప్టర్ నిజంగా పనిలోకి దిగిందా అని చూసే జీటీపీ గామా ఎస్ పరీక్షో, సైక్లిక్ ఏఎంపీ పరీక్షో ఉందా అని వెతకండి. లేకపోతే ఆ మందు "నొప్పి తగ్గిస్తుంది" అన్న మాట మీ స్లైడ్‌లో రాయొద్దు.

ఎక్కడ చూసినా నేను అడిగే ప్రశ్న ఒకటుంది: నాలాక్సోన్ వేస్తే ఆ ప్రభావం పోయిందా? అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ పంది మెదళ్ళలోంచి తీసిన సారం చిట్టెలుక వాస్ డిఫరెన్స్ కుదుపుని ఆపుతోందా, నాలాక్సోన్‌తో ఆ కుదుపు తిరిగొస్తోందా అని చూసుకుంటూనే 1975లో శరీరం సొంతంగా చేసుకునే ఓపియాయిడ్లయిన ఎన్‌కెఫాలిన్లను తేల్చారు. రెండు పెప్టైడ్లు, ఒక్కోదానికి అయిదేసి అమైనో ఆమ్లాలు.

ఏ అవయవం అన్నది కూడా మర్చిపోవద్దు. విరేచనాలకు వేసుకునే లోపరమైడ్ కూడా మ్యూ మందే. మెదడు గోడ దగ్గర పీ-గ్లైకోప్రోటీన్ దాన్ని బయటికి తోసేస్తుంది కాబట్టి మామూలు మోతాదులో పేగుల దగ్గరే ఆగిపోతుంది.

న్యూరోపెప్టైడ్ల (నరాలు వదిలే పెప్టైడ్ల) పేపర్లో ఇంకో తికమక. దర్శి పక్కన మా అమ్మమ్మ వాళ్ళూళ్ళో మిరపకాయలకు తొడిమలు తీసిన రోజు రాత్రి, చేతులకు కొబ్బరినూనె పూసుకుని వాటిని దుప్పటి బయట పెట్టుకుని పడుకునేవాళ్ళం. మంట పుట్టించే క్యాప్సైసిన్ అంటుకునేది టీఆర్‌పీవీ1 అనే అయాన్ ఛానల్‌కి, 1997లో డేవిడ్ జూలియస్ ల్యాబ్ క్లోన్ చేసింది దాన్నే. అది పెప్టైడ్ రిసెప్టర్ కాదు. అది తెరుచుకుంటే నరం కొసలోంచి సబ్‌స్టెన్స్ పీ, సీజీఆర్‌పీ అనే పెప్టైడ్లు బయటపడతాయి, సబ్‌స్టెన్స్ పీ వెళ్ళి ఎన్‌కే1 అనే రిసెప్టర్ మీద కూర్చుంటుంది. పేపర్ చదివేటప్పుడు ఈ రెండు మెట్లనీ విడిగా గీసుకోండి.

ఎన్‌కే1ని అడ్డుకుంటే జంతువుల్లో నొప్పి తగ్గింది, మనుషుల్లో నొప్పి మందుగా నిలబడలేదు. అదే రకం మందు అప్రెపిటాంట్ 2003లో అమెరికాలో కీమోథెరపీ వాంతులకు అనుమతి తెచ్చుకుంది. సెమినార్ చివర వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు "మరి ఇది మనుషుల్లో పనిచేసిందా మేడమ్" అని కచ్చితంగా అడుగుతారు, ఈ సంగతి చేతిలో ఉంచుకోండి.