లైను తెగినా గేట్‌వే ఎందుకు మారలేదు: నా అనుభవం

కర్నూలు సి.క్యాంప్ వైపు ఒక కాలేజీ నెట్‌వర్క్ నేను చూస్తాను. రెండు లేయర్ 3 స్విచ్‌లు (రౌటర్ పని కూడా చేసేవి), ఒక్కోదానికి ఒక్కో ఇంటర్నెట్ లైను, రెంటి మధ్య వీఆర్‌ఆర్‌పీ (ఒక స్విచ్ పోతే రెండోది దాని పని అందుకునే పద్ధతి). కంప్యూటర్లన్నింటికీ గేట్‌వే, అంటే బయటికి వెళ్లే దారి, 192.168.10.1. ఏ స్విచ్ మాస్టర్ అయితే ఆ అడ్రస్‌కు అదే జవాబిస్తుంది.

పరీక్ష ఫీజుల చివరి రోజున రోడ్డు తవ్వకంలో మొదటి లైను తెగింది. "అన్నా, ఒక్క రసీదు కూడా రావడం లేదు, పిల్లోళ్లు ఎండలో నిలబడినారు" అని ఆఫీసు నుంచి ఫోన్. రెండో లైను బాగానే ఉంది. చాలా టెన్షన్ పడ్డాను.

చూస్తే మొదటి స్విచ్ ఇంకా మాస్టర్‌గానే ఉంది. అది నడుస్తున్నంతసేపూ సెకనుకొకసారి 224.0.0.18కి (వీఆర్‌ఆర్‌పీ స్విచ్‌లు వినే అడ్రస్) 'నేనున్నాను' అని ప్రకటన పంపుతూనే ఉంటుంది. బయటి లైను పోయిన సంగతి వీఆర్‌ఆర్‌పీకి తెలియాలంటే ట్రాకింగ్ (లైను పోతే ఆ స్విచ్ ప్రయారిటీని తగ్గించే అమరిక) ఉండాలి. అదీ పెట్టే ఉంది! కాన్ఫిగ్ మళ్లీ మళ్లీ చదివాక లెక్క దొరికింది: ప్రయారిటీ 120, లైను పోతే తగ్గేది 10. మిగిలేది 110. రెండో స్విచ్‌కు ఉన్నది 100. ప్రయారిటీ ఎక్కువున్నదే మాస్టర్, అందుకే మారలేదు.

తగ్గింపును 30 చేశాను. ప్రయారిటీ 90కి పడగానే రెండో స్విచ్ మాస్టర్ అయింది, రసీదులు కదిలాయి. లైను తిరిగొచ్చాక తొందరపడి వెనక్కి మారకుండా ప్రీఎంప్ట్‌కు (ప్రయారిటీ ఎక్కువున్న స్విచ్ మాస్టర్ స్థానాన్ని తీసుకోవడం) 60 సెకన్ల ఆలస్యం పెట్టాను.

మొదట్లో నేను స్విచ్ పవర్ తీసి మాత్రమే పరీక్షించాను. అప్పుడు సుమారు 3.6 సెకన్లలో చక్కగా మారింది. ఇప్పుడు బయటి లైను కేబుల్ కూడా పీకి చూస్తున్నాను.